హైపోనా, హైపరా? ఒక్క ముక్క తేడాతో అర్థం తిరగబడే మాటలను విడదీసి చదివే పద్ధతి

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లోనో మహారాణిపేటలోనో రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు అందుకున్నవాళ్ళలో చాలామంది ఒకే చోట పొరబడుతుంటారు. కాగితం మీద "హైపోథైరాయిడిజం" అని ఉంటుంది. చెవిన మొదట పడేది "హై". హై బీపీ, హై షుగర్ అని రోజూ వినే చెవి కదా, "థైరాయిడ్ ఎక్కువైందట" అని ఇంటికి ఫోన్ వెళ్ళిపోతుంది. అక్కడ రాసింది తక్కువైందని.

హైపోలో వినిపించే "హై"కీ, హై బీపీలో ఉన్న "హై"కీ ఏ చుట్టరికమూ లేదు. మొదటిది గ్రీకు మాటలో ఒక ముక్క, రెండోది అచ్చంగా ఇంగ్లిష్ మాట. హైపో, హైపర్ రెండూ "హైప"తోనే మొదలవుతాయి కాబట్టి అర్థం ఆ భాగంలో దొరకదు, దాని తర్వాత వచ్చే శబ్దంలోనే దొరుకుతుంది. ముందు ఈ రెండు ముక్కలు ఎక్కడివో చూద్దాం. మూలం తెలిస్తే మాట మళ్ళీ మళ్ళీ మరిచిపోయే బాధ ఉండదు. ఆ మూలం తెలుగువాళ్ళ నోట్లో ఎప్పటినుంచో నానుతున్నదే.

మూలం: ఉప, ఉపరి

పాత గ్రీకులో ఇవి రెండూ స్వతంత్రమైన మాటలు. హుపో అంటే కింద. హుపెర్ అంటే పైన, ఆవల, మించి. గ్రీకులోని ఉప్సిలాన్ అనే అచ్చును రోమన్ లిపిలో "వై"తో రాశారు. ఆ వైని ఇంగ్లిష్‌వాళ్ళు "ఐ" అని పలికారు. అలా హుపో హైపో అయింది, హుపెర్ హైపర్ అయింది.

ఇప్పుడు ముందున్న హకారాన్ని కాసేపు పక్కన పెట్టి చూడండి. హుపోలో మిగిలేది ఉపో, హుపెర్‌లో మిగిలేది ఉపెర్. సంస్కృతంలో ఉప, ఉపరి. ఇది కాకతాళీయం కాదు. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో విలియం జోన్స్ అనే బ్రిటిష్ పండితుడు కలకత్తాలో ప్రతిపాదించాడు. ఆ మూలభాషలో ఈ మాటల రూపాలు ఉపో, ఉపెర్ అని భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించారు. ఆ భాషలోని ఎకార ఒకారాలు సంస్కృతంలో అకారమయ్యాయి, గ్రీకులో అలాగే నిలిచాయి. సంస్కృతం "దశ" గ్రీకులో "దెక" కావడం, "పాద" అక్కడ "పొద్" కావడం ఈ వరసలోనివే. హకారం సంగతి వేరు. ఉప్సిలాన్‌తో మొదలయ్యే ప్రతి మాట ముందూ ప్రామాణిక గ్రీకులో ఒక ఊపిరి శబ్దం చేరుతుంది, అంతే.

తెలుగు ద్రావిడ భాష. ఆ సంగతిని మద్రాసులో ఎల్లిస్ అనే బ్రిటిష్ అధికారి 1816లోనే నిరూపించాడు. కాబట్టి ఉప, ఉపరి మనకు తత్సమాలుగా సంస్కృతం ద్వారా వచ్చాయి. వచ్చి ఎంత పాతుకుపోయాయంటే, బంగాళాఖాతంలో వాతావరణం మారినప్పుడల్లా విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం మాటగా "ఉపరితల ఆవర్తనం" అని వింటూనే ఉంటాం. ఉపనది, ఉపగ్రహం, ఉపాధ్యక్షుడు, ఉపకులపతి ఎవరికీ కొత్త కాదు. ముందు చేరే ముక్కను మన వ్యాకరణం "ఉపసర్గ" అంటుంది. ఆ పేరులోనే ఉప ఉంది. ప్ర, పరా అంటూ మొదలయ్యే ఇరవై రెండు ఉపసర్గల వరసలో చివరిది కూడా ఉపే.

గుర్తు పెట్టుకోవలసింది ఇంతే: హైపో అంటే ఉప, హైపర్ అంటే ఉపరి. "ర్" వినిపిస్తే ఉపరి, అంటే పైకి. "ర్" లేకపోతే ఉప, అంటే కిందికి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. సంస్కృతంలో ఉపకు "దగ్గర, చేరువ" అనే అర్థమే బలంగా ఉంది. ఉపనయనం, ఉపనిషత్తు, ఉపవాసం ఆ అర్థంలో పుట్టినవే. "కింది స్థాయి" అనే ఛాయ ఉపాధ్యక్షుడు, ఉపనది వంటి మాటల్లో కనిపిస్తుంది. గ్రీకు హుపోలో మాత్రం "కింద" అన్నదే ప్రధానం. అందుకని ఉపనయనాన్ని పట్టుకుని హైపోకు అర్థం చెప్పబోకండి. ఉపాధ్యక్షుణ్ణి తలచుకుంటే సరిపోతుంది: అధ్యక్షుడి కింద ఉండేవాడు.

లాటిన్‌లో ఈ జంటే సబ్, సూపర్. వాటి ముందున్న సకారం లాటిన్‌లో తర్వాత చేరిందని పండితుల అభిప్రాయం. ఆర్.కె. బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కురుసుర ఇంగ్లిష్‌లో సబ్‌మెరైన్, అంటే సముద్రం కిందిది. నేటి గ్రీకులో సబ్‌మెరైన్‌ను "ఇపోవ్రిఖియో" అంటారు. అందులో మొదటి ముక్క హైపోయే. ఇప్పటి గ్రీకు ఉచ్చారణలో హకారం పోయింది కాబట్టి "ఇపో" అయింది. ఇంజెక్షన్ విషయంలోనూ ఇదే జంట కనిపిస్తుంది. డాక్టరు ఇన్సులిన్‌ను "సబ్‌క్యుటేనియస్‌గా" వేయమంటారు, మందుల షాపులో సూది పేరు "హైపోడెర్మిక్". మొదటిది లాటిన్, రెండోది గ్రీకు. రెండిటి అర్థమూ చర్మం కింద అనే.

మొదటి మెట్టు: మాటను మూడుగా కోయండి

వైద్యంలో వచ్చే పెద్ద మాటలు చాలావరకు మూడు ముక్కల సమాసాలు. ముందు ఉపసర్గ, మధ్యలో ధాతువు, చివర ప్రత్యయం. కోయడం చివరి నుంచి మొదలుపెట్టాలి. ముందు నుంచి చదివితే "హై" దగ్గరే మనసు ఆగిపోతుంది.

ఒక మాటను దగ్గరగా చూద్దాం: హైపోకలీమియా. చివరి ముక్క "ఈమియా". ఇది గ్రీకులో రక్తానికి పేరైన "హైమ" నుంచి వచ్చింది. హెమోగ్లోబిన్, హెమరేజ్‌లలో ఉన్నదీ ఇదే. ఈమియా కనిపిస్తే కొలిచింది రక్తంలో అని అర్థం. దాన్ని తీసేస్తే "హైపో" "కల్" మిగులుతాయి. కల్ అంటే కాలియం, పొటాషియానికి లాటిన్ పేరు. రసాయన సంకేతంలో పొటాషియాన్ని "కె" అని రాసేది ఇందుకే. మొత్తం కలిపితే రక్తంలో పొటాషియం తక్కువ. మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉండాలి. 3.5 దాటి కిందికి దిగితే ఈ పేరు పెడతారు.

చివర "ఈమియా" బదులు "యూరియా" ఉంటే కొలిచింది మూత్రంలో. హైపర్‌కాల్సీమియా అంటే రక్తంలో కాల్షియం ఎక్కువ. హైపర్‌కాల్సియూరియా అంటే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోవడం, కిడ్నీలో రాళ్ళకు ఒక కారణం. రక్తంలో కాల్షియం సరిగ్గానే ఉండి మూత్రంలో ఎక్కువ పోయేవాళ్ళు చాలామంది ఉంటారు. కాబట్టి ఈ రెండు తోకలను కలిపేయకూడదు.

మధ్య ముక్కల్లో తరచుగా తగిలేవి కొన్ని. "నాట్రి" అంటే సోడియం, దాని లాటిన్ పేరు నేట్రియం. "గ్లైస్" గ్రీకులో తీపి, ఇక్కడ గ్లూకోజు. "ఆక్స్" ఆక్సిజన్. "కాప్న్" గ్రీకులో పొగ, వైద్యంలో కార్బన్ డయాక్సైడు. ధమని రక్తంలో దాని ఒత్తిడి 45 మిల్లీమీటర్ల పాదరసం దాటితే హైపర్‌కాప్నియా అంటారు. "థైరాయిడ్" అంటే డాలు ఆకారంలో ఉన్నది. గ్రీకులో "థుర" అంటే తలుపు, దాని నుంచి తలుపంత పొడుగైన డాలుకు "థురెయోస్" అని పేరు. సంస్కృతం ద్వారం కూడా ఆ కుటుంబంలోదే.

ఎక్కువగా తప్పు జరిగేది కలీమియా, కాల్సీమియాల మధ్య. మొదటిది పొటాషియం, రెండోది కాల్షియం. చేతిరాతలో, ఫోన్ మాటల్లో ఒకదానికొకటి మారిపోవడం చాలా తేలిక. "కల్" తర్వాత "సీ" ఉందా లేదా అని వేలు పెట్టి చూడండి.

ఇంకో చిక్కు: అచ్చు ముందు హైపో తరచూ తన ఒకారాన్ని వదులుకుంటుంది. హైపాక్సియా అంటే హైపో, ఆక్స్, ఇయా. హైపర్ చివర హల్లు ఉంది కాబట్టి దానికి ఈ లోపం ఎప్పుడూ రాదు. మనం రోజూ వాడే హైఫన్ కూడా ఇలా కుదించుకుపోయిన మాటే. గ్రీకులో "హుపో హెన్", ఒకదాని కింద అని. అప్పట్లో రెండు ముక్కలు ఒకే మాటలోవని తెలియడానికి అక్షరాల కింద గీసిన వంకర గీత అది. ఇప్పుడు మధ్యలో అడ్డంగా నిలబడింది, పేరులో మాత్రం "కింద" అన్నది మిగిలింది.

కోసేటప్పుడు అచ్చు పోలికలు మోసం చేయవచ్చు. హిప్నాటిజం "హుప్నోస్" నుంచి వచ్చింది, అంటే నిద్ర. మన "స్వప్నం" దానికి బంధువు. హిప్పోపొటమస్‌లో ఉన్నది "హిప్పోస్", గుర్రం. ఆ జంతువును తెలుగులో నీటిగుర్రం అనడం గ్రీకు పేరుకు సరిగ్గా సరిపోతుంది. హైడ్రో అంటే నీరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో వీటిని తొందరపడి చూస్తే హైపోలాగే కనిపిస్తాయి. తెలుగు లిపిలో "హై", "పో" రెండూ పక్కపక్కనే ఉన్నాయో లేదో చూస్తే ఈ పొరపాటు రాదు.

రెండో మెట్టు: చోటా, మోతాదా?

ఉపసర్గ దొరికాక, అది శరీరంలో ఒక చోటు చెబుతోందా, ఒక మోతాదు చెబుతోందా అని తేల్చుకోవాలి. హైపో అనగానే "తక్కువ" అని రాసేయడం వైద్య విద్యార్థులు కూడా చేసే తప్పు.

చోటు చెప్పేవి: హైపోథాలమస్ మెదడులో థాలమస్ కింద ఉన్న భాగం, థాలమస్ తక్కువవడం కాదు. హైపోగ్లాసల్ నరం నాలుక కింద వెళ్ళేది, పన్నెండో కపాల నరం. హైపోకాండ్రియం అంటే పక్కటెముకల మృదులాస్థి కింది భాగం. కడుపునొప్పితో వెళ్ళినప్పుడు చీటీ మీద "కుడి హైపోకాండ్రియం" అని రాస్తే కాలేయం, పిత్తాశయం ఉండే చోటు అని అర్థం. ఎప్పుడూ ఏదో జబ్బుందని దిగులుపడేవాళ్ళకు హైపోకాండ్రియాక్ అని పేరు రావడానికి కారణం, ఆ దిగులు పుట్టేది అక్కడే అని పాత వైద్యులు నమ్మడం.

మోతాదు చెప్పేవి: చివర ఈమియా, యూరియా, టెన్షన్, థర్మియా, ఇజం వంటివి ఉన్నవి. వీటిలో దేన్నో కొలుస్తారు కాబట్టి ఎక్కువ తక్కువల ప్రశ్న వస్తుంది. హైపోథర్మియా అంటే శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడం. హైపోటెన్షన్ అంటే రక్తపోటు 90/60 కంటే తగ్గడం. హైపర్‌టెన్షన్‌కు మన డాక్టర్లు ఎక్కువగా పాటించే గీత 140/90.

మాటవరసకు ఒక సంగతి. హైపర్‌టెన్షన్‌లో ముందు ముక్క గ్రీకు, వెనక ముక్క లాటిన్. మన వ్యాకరణం ఇలాంటి అతుకును వైరి సమాసం అంటుంది. వ్యాకరణం ఒప్పినా ఒప్పకున్నా లోకం ఒప్పుకుంది. ఆధునిక వైద్యంలో ఇలాంటి అతుకులు చాలా ఉన్నాయి.

హైపర్‌లో మూడో రకం కూడా ఉంది, పెరుగుదల ఎలా జరిగిందో చెప్పేది. హైపర్‌ట్రఫీ, హైపర్‌ప్లాసియా రెండిటినీ తెలుగులో "వాపు" అనేస్తారు, అది సరికాదు. ట్రఫీ అంటే పోషణ. కణాల సంఖ్య పెరగకుండా ఒక్కొక్క కణం పెద్దదవడం హైపర్‌ట్రఫీ. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళ గుండె ఎకో రిపోర్టులో ఎడమ జఠరిక గోడ మందమైందని రాసేది దీన్నే. ప్లాసియా అంటే రూపుకట్టడం. కణాల సంఖ్యే పెరగడం హైపర్‌ప్లాసియా. వయసు మళ్ళిన మగవాళ్ళ ప్రొస్టేట్ పెరిగేది ఇలా, అది క్యాన్సర్ కాదు.

గర్భిణులకు వచ్చే హైపరెమెసిస్ కూడా ఇక్కడే చెప్పాలి. ఎమెసిస్ అంటే వాంతి. వేవిళ్ళు మామూలే. కానీ బరువు తగ్గేంతగా, నీళ్ళు కూడా నిలవనంతగా వాంతులైతే అది "మించిపోయిన" స్థితి, ఆసుపత్రిలో సెలైన్ పెట్టవలసినది. ఇక్కడ హైపర్ అన్నది ఊరికే "ఎక్కువ" కాదు, హద్దు దాటిందని హెచ్చరిక.

మూడో మెట్టు: అంకెతో సరిచూడండి

పేరు ఒక్కటే చదివి ఆగకూడదు. పక్కన ఉన్న అంకెను, ఆ ల్యాబ్ ఇచ్చిన మామూలు హద్దులను కలిపి చూడాలి. ఆ హద్దులు ల్యాబ్‌నుబట్టి కాస్త మారతాయి కాబట్టి పక్కింటివాళ్ళ రిపోర్టుతో పోల్చకండి.

ఇక్కడే అందరినీ తికమకపెట్టే వల ఉంది. టీఎస్‌హెచ్ 12 అనుకోండి. మామూలు హద్దు దాదాపు 0.4 నుంచి 4 వరకు. అంకె పక్కన ఇంగ్లిష్ "హెచ్" అక్షరం ఉంటుంది. డాక్టరేమో హైపోథైరాయిడ్ అంటారు. కాగితం ఎక్కువంటే డాక్టరు తక్కువంటున్నారేమిటని అనుమానం. ఇద్దరూ సరే. ఆ అక్షరం అంకె హద్దు కంటే ఎక్కువని చెబుతుంది, హైపర్ అని కాదు. అసలు హైపో కూడా అదే అక్షరంతో మొదలవుతుంది.

కొలిచింది ఏమిటో చూస్తే చిక్కు విడిపోతుంది. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి. "పని చెయ్యి" అని థైరాయిడ్‌కు అది పంపే ఆజ్ఞ టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ ఆజ్ఞల మీద ఆజ్ఞలు పంపుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ విజృంభిస్తే ఆజ్ఞలు ఆపేస్తుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. అందుకని టీఎస్‌హెచ్ ఎక్కువైతే సాధారణంగా హైపో, తక్కువైతే సాధారణంగా హైపర్. పిట్యూటరీలోనే లోపం ఉంటే ఈ సూత్రం తిరగబడుతుంది కాబట్టి ఫ్రీ టీ4 కూడా చూస్తారు. టీ4 థైరాయిడ్ సొంత సరుకు, అది తగ్గితే నేరుగా హైపోయే. గర్భిణులకు హద్దులు వేరు, ఆ సంగతి డాక్టరుకే వదలండి. థైరాయిడ్ లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్ర వాడేవాళ్ళు టీఎస్‌హెచ్ పెరిగిందని తెలియగానే "థైరాయిడ్ ఎక్కువైంది" అనుకుని సొంతంగా మాత్ర తగ్గించేస్తే సమస్య మరింత ముదురుతుంది. పేరు తప్పుగా చదివినందుకు జరిగే నష్టాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

సోడియంలో ఇంకో రకం పొరపాటు. హైపోనాట్రీమియా, అంటే రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే తక్కువ. చదవగానే "ఉప్పు తక్కువైంది, ఉప్పు ఎక్కువ పెట్టండి" అంటారు. కానీ ఈ అంకె గాఢతను చెబుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైనా గాఢత తగ్గుతుంది. గుండె, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవాళ్ళలో నీరు నిలిచి సోడియం పలుచబడడం తరచూ జరిగేదే. అలాంటివాళ్ళకు ఉప్పు పెడితే కాళ్ళవాపు, ఆయాసం పెరుగుతాయి. ఉపసర్గ "తక్కువ" అని మాత్రమే చెబుతుంది, ఎందుకు తక్కువైందో చెప్పదు.

పొటాషియంలో ఆహారం దగ్గర జాగ్రత్త కావాలి. హైపోకలీమియా అయితే కొబ్బరినీళ్ళు, అరటిపండు తినమంటారు. హైపర్‌కలీమియా అయితే అవే ప్రమాదం, ముఖ్యంగా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. పరామర్శకు వచ్చే చుట్టాలు కొబ్బరిబొండాలు తేవడం మన దగ్గర ఉన్నదే. పేరులో "ర్" ఉందో లేదో అప్పుడు చూసుకోవాలి. ఇంకొకటి: రక్తం తీసేటప్పుడు సూది దగ్గర కణాలు చితికినా, గుప్పిట పదేపదే బిగించినా, నమూనా ల్యాబ్‌కు చేరడం ఆలస్యమైనా కణాల్లోని పొటాషియం బయటికి కారి అంకె పెరుగుతుంది. రోగి బాగానే ఉండి అంకె మాత్రం భయపెడుతుంటే డాక్టర్లు మళ్ళీ రక్తం తీయించేది ఇందుకే.

హైపోగ్లైసీమియా గురించి మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గడం అది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దాని గుర్తులు. మనిషి స్పృహలో ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే దాదాపు మూడు చిన్న చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి గ్లూకోమీటరుతో చూడాలి. ఇంకా 70 కంటే తక్కువే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. పెరిగాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో విన్న "హైపో"ను "హై షుగర్" అనుకుని చక్కెర పెట్టకపోయినా, ఇంకో డోసు ఇన్సులిన్ వేసినా ప్రాణం మీదికి వస్తుంది.

సెలైన్ సీసా దగ్గర ఇదే జంట

సీసా మీద 0.9 శాతం అని ఉంటే లీటరులో 9 గ్రాముల ఉప్పు. ఇది రక్తంతో సమానమైన గాఢత, ఐసోటానిక్. 0.45 శాతం హైపోటానిక్, 3 శాతం హైపర్‌టానిక్. తెలుగు మాధ్యమం పిల్లలు వీటిని సమగాఢత, అల్పగాఢత, అధికగాఢత అని చదువుకుంటారు. హైపోటానిక్ ద్రవంలో పడ్డ ఎర్రకణం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, మరీ పలుచనైతే పగిలిపోతుంది. హైపర్‌టానిక్‌లో పడితే తన నీరు వదిలి ముడుచుకుంటుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగడం అచ్చంగా ఇదే చర్య: బయటి ఉప్పు లోపలి నీటిని లాగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. బంగాళాఖాతం పైపొరలో నదుల నీరు కలవడం వల్ల ఇది కాస్త తక్కువ. ఎంత తగ్గినా మన రక్తానికి అది హైపర్‌టానిక్కే. దాహమేసి తాగితే దాహం పెరిగేది అందుకే.

ఇక్కడ ఒక సూక్ష్మం: ఏ ద్రావణమూ తనంత తానుగా హైపో కాదు, హైపర్ కాదు. దేనితో పోలుస్తున్నామో చెప్పాలి.

ఉక్కులో, కొండరాయిలో

ఆ సూక్ష్మం లోహశాస్త్రంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇనుములో కార్బన్ సుమారు 0.8 శాతం ఉన్న బిందువును యూటెక్టాయిడ్ అంటారు. అంతకంటే తక్కువ కార్బన్ ఉన్నది హైపోయూటెక్టాయిడ్ ఉక్కు, ఎక్కువున్నది హైపర్‌యూటెక్టాయిడ్ ఉక్కు. ఇక్కడ హైపో అంటే లోపం కాదు, నాసిరకం కాదు, ఆ బిందువుకు ఏ పక్కన ఉందన్నదే. ఇల్లు కట్టే ఫె 500 రకం కడ్డీలో కార్బన్ 0.30 శాతం మించకూడదని భారతీయ ప్రమాణం, కాబట్టి అది హైపో పక్కది. వంచినా విరగకుండా ఉండడానికి ఆ తక్కువ కార్బనే కావాలి. 0.8 దాటిన ఉక్కులో సిమెంటైట్ అనే గట్టి ఇనుము-కార్బన్ సమ్మేళనం రేణువుల అంచుల వెంట చేరుతుంది. ఆకురాయికి, కోత పనిముట్లకు అది మంచిది, స్లాబుకు కాదు. గాజువాక వైపు ఉక్కు కర్మాగారంలో, వర్క్‌షాపుల్లో ఉద్యోగానికి వెళ్ళే డిప్లొమా విద్యార్థులు ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పలేక తడబడుతుంటారు. 0.8 అనే గీతను మనసులో గీసుకుని ఉప దానికి ఎడమన, ఉపరి కుడిన పెట్టుకుంటే చాలు.

తూర్పు కనుమల్లో ఖొండలైటుతో పాటు దొరికే ఇంకో రాయి చార్నొకైట్. అందులోని ఒక ఖనిజానికి హైపర్‌స్థీన్ అని పేరు. స్థెనోస్ అంటే గ్రీకులో బలం. చూపుకు తనలాగే ఉండే హార్న్‌బ్లెండ్ కంటే గట్టిది కాబట్టి "బలంలో మించినది" అన్నారు. ఖనిజాల అధికారిక పట్టికలో ఇప్పుడు ఆ పేరు లేదు, పాత పుస్తకాల్లో మాత్రం కనిపిస్తుంది.

లెక్కల్లో మనవాళ్ళు చేసిన అనువాదాలు చూస్తే ముచ్చటేస్తుంది. హైపర్‌బొలాను అతిపరావలయం అన్నారు, హైపర్‌బొలీని అలంకారశాస్త్రంలో అతిశయోక్తి అంటారు. రెండూ గ్రీకులో ఒకే మాట, "మించి విసరడం". రెండిటికీ "అతి" వేయడం చక్కగా కుదిరింది. హైపాటెన్యూస్ అంటే లంబకోణం కింద సాగిన భుజం, మన కర్ణం. అక్కడ కింద అన్నది చోటే, కొలత కాదు. త్రిభుజంలో అన్నిటికంటే పొడవైనది అదే కదా.

సూపర్, హైపర్ మూలంలో ఒకటే అయినా, వాడుకలో హైపర్ ఒక మెట్టు పైన కూర్చుంది. శబ్దవేగాన్ని దాటితే సూపర్‌సోనిక్, అయిదు రెట్లు దాటితే హైపర్‌సోనిక్. సూపర్‌మార్కెట్టు, హైపర్‌మార్కెట్టుల తేడా కూడా అంతే.

నాలుగో మెట్టు: మరొకరికి చెప్పేటప్పుడు

శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో రోగిని కేజీహెచ్‌కు పంపేటప్పుడు కబురు ఇద్దరు ముగ్గురి నోళ్ళు మారుతుంది. ఆ దారిలో "హైపో", "హైపర్" తారుమారు కావడానికి ఎంతోసేపు పట్టదు, అంబులెన్సు మోతలో మరీను. కాబట్టి ఫోన్‌లో ఉపసర్గ ఒక్కటే చెప్పకండి. తెలుగు మాట, అంకె జోడించండి: "హైపో, అంటే తక్కువ, పొటాషియం 2.8" అని. అవతలివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. చీటీ మీద రాస్తే పేరు పక్కన పైకి గానీ కిందికి గానీ బాణం గీయండి, అంకె తప్పక వేయండి. థైరాయిడ్ అయితే బాణం టీఎస్‌హెచ్‌కా, టీ4కా అన్నది కూడా రాయాలి, లేకపోతే ఆ బాణమే మోసం చేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు ఉపసర్గనే తెలుగులోకి మార్చండి. మోతాదు మాటలకు హైపోకు "అల్ప" లేదా "తక్కువ", హైపర్‌కు "అధిక" లేదా "ఎక్కువ". అల్ప రక్తపోటు, అధిక రక్తపోటు వార్తాపత్రికల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. చోటు చెప్పే మాటలకు మాత్రం "కింద" అనే వాడాలి, అక్కడ "అల్ప" పెట్టకూడదు. హైపర్‌మెట్రోపియాకు అధికదృష్టి అని తర్జుమా చేస్తే కళ్ళు బాగా కనబడతాయన్న అర్థం వస్తుంది. నిజానికి బొమ్మ రెటీనా దాటి వెనక్కి పడే దోషం అది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ప్లస్ పవర్ అద్దాలు ఇస్తారు. దూరదృష్టి అన్న మాట ఉంది కాబట్టి దాన్నే వాడండి. రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేటప్పుడు హద్దులున్న గడి, తేదీ, నమూనా తీసిన సమయం కనిపించేలా తీయండి. పేరున్న ముక్క ఒక్కటే కత్తిరించి పంపితే అవతలున్న డాక్టరు దాన్నిబట్టి ఏమీ చెప్పలేరు.